నాలుగు పెన్సిల్ సెల్లుల తీరిక

చేతిలో పట్టుకుని ఆడే నింటెండో పెట్టె గేమ్ బాయ్‌లో టెట్రిస్ ఆడి లక్ష పాయింట్లు దాటినవాళ్లకు ఆట ముగిశాక ఒక కానుక ఉంటుంది. తెర మీద బుల్లి రాకెట్ ఒకటి పొగ చిమ్ముతూ పైకి లేస్తుంది. లక్షన్నర దాటితే ఇంకొంచెం పెద్ద రాకెట్. రెండు లక్షలు దాటితే అన్నిటికన్నా పెద్దది. ఆ పెద్ద రాకెట్ కోసం నెలల తరబడి బొటనవేళ్లు అరగదీసుకున్నవాళ్లు ఎందరో. స్కోరు పట్టీలో పేరు కొట్టుకుని, కాసేపు మురిసిపోయి, పైనున్న స్విచ్ కట్టేస్తే అంతే సంగతులు. పట్టీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్కోరు దాచుకునే ఏర్పాటు ఆట ఉండే ఆ క్యాట్రిడ్జిలో లేదు. మర్నాడు మళ్లీ సున్నా నుంచే.

చిన్నప్పుడు నాకిది పెద్ద అన్యాయంగా తోచేది. ఇప్పుడు ఫోనులో ఏ ఆట తెరిచినా నిన్నటి బాకీ ఏదో వసూలు చేయడానికి ఎదురొస్తుంది. ఇవాళ రాకపోతే బహుమతి పోతుందంటుంది, ప్రాణాలు అయిపోయాయి కాబట్టి అరగంట ఆగమంటుంది, ఆగలేకపోతే డబ్బు కట్టమంటుంది. ఆడినంతసేపు ఆడనిచ్చి, ఆపగానే నోరుమూసుకునే ఆ బూడిదరంగు పెట్టె విలువ అప్పుడు తెలిసొస్తుంది.

గేమ్ బాయ్‌కి వచ్చిన ఆటల్లో గొప్పవేవి అని అడిగితే పోకెమాన్ అంటారు, జెల్డా అంటారు. నిజమే, కానీ అవి రోజుల తరబడి సాగే పెద్ద కథలు. నేను చెప్పదలచుకున్నవి వేరు. కుక్కర్ మూడో కూత వేసేలోపు, బస్సు వచ్చేలోపు, ఆసుపత్రిలో మన టోకెన్ నంబరు పిలిచేలోపు ఆడి జేబులో వేసుకోగలిగినవి. ఒకప్పుడు మన అరుగుల మీద పులిజూదానికీ, అష్టాచమ్మాకీ ఉన్న చోటు ఈ పెట్టెలో వీటిది.

పేకముక్కల కంపెనీలో మెకానిక్

1965లో గున్‌పేయ్ యొకోయ్ అనే కుర్రవాడు క్యోటో నగరంలోని నింటెండోలో చేరాడు. అప్పటికి నింటెండో అంటే పేకముక్కల కంపెనీ. హనఫుదా అనే జపాను పేకలను తయారుచేసే యంత్రాలు సరిగ్గా తిరిగేలా చూసుకోవడం అతని ఉద్యోగం. పని తక్కువ, ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలో తన సరదాకి ఒక సాగే చెయ్యి చేసుకున్నాడు. పిడి నొక్కితే అది కత్తెరలా విచ్చుకుంటూ వెళ్లి దూరంగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. అది కంపెనీ అధిపతి హిరోషి యమౌచి కంటపడింది. దాన్నే బొమ్మగా మార్చి అమ్ముదామన్నాడాయన. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మెకానిక్ కాస్తా ఆటబొమ్మల రూపశిల్పి అయ్యాడు.

తర్వాత ఒకనాడు బుల్లెట్ రైల్లో ఎవరో ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం యొకోయ్ చూశాడు. ఆ చిన్న దృశ్యంలోంచి 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ పుట్టింది. కాలిక్యులేటర్ తెరే, గుండీ బ్యాటరీలే, పక్కన గడియారం, ఒక్కటంటే ఒక్క ఆట. ఇవాళ ప్రతి గేమ్ కంట్రోలర్ మీద ఎడమవైపు కనిపించే కూడిక గుర్తు లాంటి మీట, 1982లో ఈ వరుసలోని ‘డాంకీ కాంగ్’ కోసం ఆయన గీసిందే.

యొకోయ్‌కి ఒక సూత్రం ఉండేది. బాగా ముదిరి, చవకబడి, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సాంకేతికతను తీసుకోవాలి. దానికి ఎవరూ ఊహించని కొత్త పని చూపించాలి. పాత చీరలతో బొంతలు కుట్టిన మన అమ్మమ్మలకు ఈ సూత్రం కొత్తేమీ కాదు.

1989 ఏప్రిల్ 21న జపానులో గేమ్ బాయ్ విడుదలైంది. ధర 12,500 యెన్లు. దాన్ని రూపొందించిన బృందంలో యొకోయ్‌తో పాటు సతోరు ఒకాడాది ప్రధాన పాత్ర. పచ్చబఠాణీ రంగు తెర, అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. మొత్తం నాలుగు ఛాయలు. వెనక దీపం లేదు, దుప్పట్లో దూరి ఆడుకోవడం కుదరదు. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సేగా గేమ్ గేర్ రంగుల తెరలతో, వెలుగులతో వచ్చాయి. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ ముఖం చిన్నబోయేది. కానీ గేమ్ గేర్ ఆరు సెల్లులు మింగి నాలుగైదు గంటల్లో చేతులెత్తేసేది. గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లులతో పదిహేను గంటల దాకా లాక్కొచ్చేది. నెల జీతంలోంచో, పాకెట్ మనీలోంచో సెల్లులు కొనుక్కునేవాళ్లకు ఈ లెక్క బాగా అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌ను కూడా కలుపుకుంటే మొత్తం 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఆ తెరకు ఇంకో లోపం ఉంది. ఏదైనా వేగంగా కదిలితే దాని వెనకే మసక తోక సాగుతుంది. పరుగుపందేలు, తుపాకీ ఆటలు అందులో చూడలేక కళ్లు నొప్పిపుట్టేవి. అంచేత ఒక చోట నిలకడగా ఉండి, ఒక్క వస్తువు మాత్రమే కదిలే ఆటలకు అది సొంత ఇల్లయింది. రెండే మీటలు, నాలుగే ఛాయలు, తోక సాగే తెర. ఈ ఇబ్బందులన్నీ ఆటగాళ్లకు మేలే చేశాయని నా గట్టి నమ్మకం. అక్కర్లేని హంగులకు చోటే లేకపోయింది మరి.

మాస్కో నుంచి వచ్చిన ఏడు ముక్కలు

టెట్రిస్ కథ సినిమాగా కూడా వచ్చింది కాబట్టి చాలామందికి తెలిసే ఉంటుంది. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సెస్ అకాడమీ కంప్యూటింగ్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశాడు. ఆయన వాడిన ఎలెక్ట్రోనికా-60 యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి గళ్లుగా చూపించాడు. అయిదేసి గళ్ల చెక్కముక్కలను పెట్టెలో ఇమిడ్చే పాత ఆట అంటే ఆయనకు ఇష్టం. అయిదును నాలుగు చేస్తే ఏడు ఆకారాలు తేలాయి. గ్రీకులో నాలుగుకు ‘టెట్రా’, తనకిష్టమైన టెన్నిస్, రెండూ కలిపి పేరు పెట్టాడు.

1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ అనే గేమ్ వ్యాపారి పర్యాటక వీసా మీద మాస్కో వెళ్లి, సోవియట్ ప్రభుత్వ సంస్థ ఎలోర్గ్ తలుపు తట్టాడు. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలకు హక్కులు సంపాదించాడు. అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెలో మారియో ఆట పెట్టాలా, టెట్రిస్ పెట్టాలా అన్నది ప్రశ్న. మారియో పెడితే పిల్లలు కొంటారు, టెట్రిస్ పెడితే అందరూ కొంటారన్నది రోజర్స్ వాదన. ఆయన మాటే నెగ్గింది. గేమ్ బాయ్ టెట్రిస్ దాదాపు మూడున్నర కోట్లు అమ్ముడైంది. 1995 నాటికి గేమ్ బాయ్ ఆడేవారిలో 46 శాతం ఆడవాళ్లేనని నింటెండో అమెరికా విభాగం లెక్క చెప్పింది. అప్పటిదాకా మగపిల్లల బొమ్మగా చెలామణీ అయిన వీడియో గేమ్ విషయంలో ఇది చిన్న మార్పు కాదు. పజిత్నోవ్‌కు మాత్రం 1996 దాకా ఆ ఆట మీద రాయల్టీ రాలేదు.

ఆటలో అసలు రహస్యం పాయింట్ల లెక్కలో ఉంది. పైనుంచి దిగే ముక్కలతో అడ్డవరుసను ఖాళీ లేకుండా నింపితే అది తుడుచుకుపోతుంది. మొదటి మెట్టులో అలా ఒక్క వరుస తుడిస్తే 40 పాయింట్లు. నాలుగు వరుసలను విడివిడిగా తుడిస్తే 160. ఆ నాలుగింటినే ఒక్క దెబ్బలో తుడిస్తే 1,200! ఈ తేడా చూశాక మనిషి ఊరుకుంటాడా? పక్కన ఒక్క నిలువువరుస ఖాళీ ఉంచి, మిగతాదంతా గోడలా కట్టుకుంటూ, పొడుగు కడ్డీ కోసం కాచుకు కూర్చుంటాడు. అది రాదు. గోడ పెరుగుతుంది. వస్తుందిలే అని ఇంకో ముక్క పేరుస్తాడు. అదీ రాదు. చివరికి ఆ కడ్డీ దిగినప్పుడు దాన్ని తిప్పడానికి పైన చోటుండదు. ఆశను ఇంత తేలిగ్గా, ఎవరినీ నొప్పించకుండా బయటపెట్టే ఆట నాకు ఇంకోటి తెలియదు. తొందరపాటు మనిషెవరో, ఓర్పు మనిషెవరో పది నిమిషాలు పక్కన కూర్చుని చూస్తే చెప్పేయొచ్చు.

వెనక వాయించే బాణీలు మూడు. మొదటిది కొరోబెయినికి అనే రష్యన్ జానపదం, మూడోది బాఖ్ రచన, నడుమది సంగీత దర్శకుడు హిరొకాజు తనాకా సొంతంగా కట్టింది. రష్యా జానపదాన్ని భూమండలమంతటా వినిపించిన ఘనత నాలుగు సెల్లుల పెట్టెదే.

1993లో వ్యోమగామి అలెక్సాందర్ సెరెబ్రోవ్ ఈ ఆటను మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లాడు. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడికి గురైన సైనిక శిబిరంలో కాలిపోయిన గేమ్ బాయ్ ఒకటి న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి ప్రదర్శనలో ఉండేది. పై డొప్ప కరిగి మాడిపోయినా, లోపల టెట్రిస్ నడుస్తూనే ఉండేది.

గెలవగలిగే ఆట, ఓడించని ఆట

టెట్రిస్‌తో ఒక చిక్కుంది. ఎంత గొప్పగా ఆడినా చివరికి ఓడిపోతాం. ముక్కలు ఆగవు, వేగం తగ్గదు. అలసిపోయి ఇంటికొచ్చిన సాయంత్రాల్లో ఓటమితో ముగిసే ఆట అందరికీ రుచించదు. అలాంటప్పుడు 1990లో వచ్చిన ‘డాక్టర్ మారియో’ తీయాలి. గాజుసీసాలో వైరస్‌లు కూర్చుని ఉంటాయి. పైనుంచి రెండు సగాల మాత్రలు పడుతుంటాయి. అడ్డంగానో నిలువుగానో ఒకే రంగువి నాలుగు కలిస్తే మాయమవుతాయి. సున్నా మెట్టులో 4 వైరస్‌లు, మెట్టుకు నాలుగు చొప్పున పెరుగుతూ ఇరవయ్యో మెట్టుకు 84. చివరి వైరస్ పోయిందంటే సీసా శుభ్రపడ్డట్టే, మనం గెలిచినట్టే. వంటగిన్నెలన్నీ తోమి బోర్లించాక కలిగే తృప్తి అది. రంగులు లేని తెర మీద నలుపు, బూడిద, తెలుపు ఛాయలతోనే నెట్టుకొచ్చారు. మొదటి పది నిమిషాలు తికమకపడక తప్పదు.

‘కర్బీస్ డ్రీమ్ ల్యాండ్’ దయగల ఆట. అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. ఆ పాత్రను ఊహించినప్పుడు మసహిరో సకురాయ్ వయసు పందొమ్మిదేళ్లు. అప్పటి ఆటలు పిల్లల్ని పదేపదే చంపి ఏడిపించేవి. మొదటిసారి మీట పట్టుకున్నవాళ్లు కూడా చివరిదాకా వెళ్లగలగాలని హెచ్ఏఎల్ ల్యాబొరేటరీ ఈ ఆటను తయారుచేసింది. కర్బీ అంటే ఒక గుండ్రటి బంతి, రెండు కళ్లు, రెండు పాదాలు. గాలి పీల్చుకుని బూరలా ఉబ్బి ఎగిరిపోతాడు, కాబట్టి గోతిలో పడతామన్న బెంగ లేదు. అసలు ఆ బంతి బొమ్మను తాత్కాలికంగా పెట్టుకున్నారు, మంచి బొమ్మ గీశాక మార్చేద్దామని. చూడగా చూడగా అదే ముద్దొచ్చి ఉంచేశారు. 1992లో వచ్చిన ఈ ఆటలో ఉన్నవి అయిదే అయిదు లోకాలు. గంటలోపు ముగిసిపోతుంది. ముగియడం దాని సుగుణం. ఇంట్లో ఏడెనిమిదేళ్ల పాపో బాబో ఉంటే మొదట చేతికివ్వాల్సింది ఇదే.

‘సూపర్ మారియో ల్యాండ్’ గురించి ఒక్క మాట. గేమ్ బాయ్‌తో పాటే వచ్చింది, పన్నెండు దశలు, చక్కటి సంగీతం. ఇప్పటికీ బాగుంటుంది. అదే రోజు వచ్చిన ‘అలీవే’ అనే ఇటుకల ఆటను మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. బంతి కోసం పలక జరపడానికి ఆ కూడిక మీట సరిపోదు, అయిదు నిమిషాలకే విసుగొస్తుంది. 1994 నాటి ‘డాంకీ కాంగ్’ది వేరే తమాషా. పాత ఆటలోని నాలుగు దశలూ అయిపోయి, కథ కంచికి చేరిందనుకునేసరికి ఓడిపోయిన కోతి లేచి, అప్పుడే విడిపించిన అమ్మాయిని మళ్లీ ఎత్తుకుపోతుంది. అక్కణ్నుంచి ఇంకా 97 దశలు. తాళంచెవి మోసుకెళ్లి తలుపు తీయడమే పని. ఒక్కో దశ ఒకటి రెండు నిమిషాలకు మించదు. బస్సు ప్రయాణానికి ఇంతకన్నా కొలతకు కుదిరిన ఆట ఉండదు.

ఆదివారం పత్రికకు చుట్టం

ఇవన్నీ ఒక ఎత్తు, ‘మారియోస్ పిక్రాస్’ ఒక ఎత్తు. ఒక్క ఆటే ఉంచుకోమంటే నేను ఇదే ఉంచుకుంటాను.

గళ్ల పలక ఉంటుంది. ప్రతి అడ్డవరుస పక్కన, ప్రతి నిలువువరుస పైన అంకెలుంటాయి. ‘3 1’ అని ఉంటే ఆ వరుసలో ఎక్కడో మూడు గళ్లు కలిసి, తర్వాత కొంత ఎడం, ఆ తర్వాత ఒక్క గడి నల్లగా ఉండాలని అర్థం. ఎక్కడన్నది మనమే తేల్చాలి. అన్నీ సరిగ్గా నింపితే ఓ బొమ్మ తేలుతుంది. ఊహించడానికి వీల్లేదు, తర్కించాలి. పది గళ్ల వరుసకు ‘8’ అని ఉందనుకోండి. ఆ ఎనిమిదిని ఎడమ అంచుకు జరిపినా, కుడి అంచుకు జరిపినా నడుమనున్న ఆరు గళ్లు నిండక తప్పదు. ఆ ఆరూ నింపగానే వాటి మీదుగా పోయే నిలువువరుసల్లో ఆచూకీ దొరుకుతుంది. అక్కణ్నుంచి తీగ లాగితే డొంక కదిలినట్టు పలకంతా కదులుతుంది.

ఈ పజిల్‌ను 1980ల చివర్లో జపానులో నోన్ ఇషిదా, తెత్సుయా నిషియో అనే ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా తయారుచేశారు. ఆకాశహర్మ్యం కిటికీల్లో దీపాలు వెలిగించి, ఆర్పి బొమ్మలు చూపించడం ఇషిదాకు ప్రేరణ. 1990 నుంచి బ్రిటన్‌లో ‘సండే టెలిగ్రాఫ్’ వారం వారం వీటిని అచ్చేసింది. అంటే ఈ ఆట ప్రపంచానికి పరిచయమైంది కూడా ఆదివారం పత్రికలోనే. మన అనుబంధాల్లో గళ్లనుడికట్టు, సుడోకు ముందేసుకుని పెన్సిలు చెవిలో దోపుకునే తాతయ్యలకు ఇది పరాయి ఆట కానేకాదు. పైగా భాషతో పనిలేదు, అంకెలు వస్తే చాలు.

జూపిటర్ అనే సంస్థ 1995లో దీన్ని గేమ్ బాయ్‌కి తెచ్చింది. ఒక్కో పలకకు అరగంట గడువు. తప్పు గడి కొడితే మొదటిసారి రెండు నిమిషాలు, రెండోసారి నాలుగు, ఆపైన ఎనిమిదేసి నిమిషాలు కోతపడతాయి. మొత్తం 256 పజిళ్లు. ఏమీ కదలవు కాబట్టి తోక సాగే తెరతో బాధే లేదు. పూర్తిచేసినవాటిని ఈ క్యాట్రిడ్జి గుర్తుంచుకుంటుంది కూడా. అమెరికా, యూరప్‌లలో ఎందుకో అంతగా అమ్ముడుపోలేదు, తర్వాతి భాగాలను జపానుకే పరిమితం చేశారు. కొన్నవాళ్లు మాత్రం వదల్లేదు. జూపిటర్ ఇప్పటికీ పిక్రాస్‌లు తయారుచేస్తూనే ఉంది.

తిరునాళ్ల టెట్రిస్

మన దగ్గర గేమ్ బాయ్ చూసినవాళ్లు తక్కువ. దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువుల సూట్‌కేసుల్లో వచ్చేది. మా మేనమామ తెచ్చినది మా వీధి మొత్తానికి ఒక్కటే. కానీ 1990ల్లో పెరిగిన తెలుగు పిల్లల్లో టెట్రిస్ ఆడనివాళ్లు అరుదు. తిరునాళ్ల అంగళ్లలో, నాంపల్లి నుమాయిష్‌లో, ఊరూరా ఫ్యాన్సీ షాపుల్లో దొరికిన చైనా ‘బ్రిక్ గేమ్’ పుణ్యమది. పెట్టె మీద ‘9999 ఆటలు’ అని అచ్చేసి ఉండేది. లోపల తిరగేస్తే ఇటుకలు, కారు పందెం, పాము, ట్యాంకు వంటి ఓ డజను ఆటలు. వేగం మార్చి, మెట్టు మార్చి అంకె పెంచేశారు. నింటెండోకూ దానికీ ఏ సంబంధమూ లేదు, పజిత్నోవ్‌కు అందులోంచి పైసా ముట్టలేదు. అడ్డం పది గళ్లు, నిలువు ఇరవై గళ్లు, రెండు పెన్సిల్ సెల్లులు.

మా ఇంట్లో దానిమీద ఎక్కువ స్కోరు అమ్మది. మధ్యాహ్నం అంట్ల పని అయ్యాక, కరెంటు పోయిన వేళ, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని ఆడేది. పొడుగు కడ్డీ కోసం ఎప్పుడూ కాచుకునేది కాదు. వచ్చిన ముక్కను వచ్చినట్టు సర్దేసేది. మేం పిల్లలం నాలుగు వరుసల ఆశతో మూడు నిమిషాల్లో ఓడిపోతుంటే, అమ్మ పాలవాడు వచ్చేదాకా ఆడుతూనే ఉండేది.

యొకోయ్ 1996లో నింటెండో వదిలేశాడు. మరుసటి ఏడాది అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి వయసు 56. 2023 ఫిబ్రవరి నుంచి ఆయన పెట్టె ఆటలు కొన్ని, టెట్రిస్, కర్బీ సహా, నింటెండో స్విచ్ చందాదారులకు మళ్లీ అందుబాటులోకి వచ్చాయి. అయినా అసలు పెట్టెలో ఆడటమే వేరు.

మీ ఇంట్లో అటక మీద గేమ్ బాయ్ గానీ, బ్రిక్ గేమ్ గానీ ఉంటే ఈ ఆదివారం ఒకసారి దింపండి. ముందు వెనక మూత తీసి పాత సెల్లులు బయట పారేయండి. అవి కారితే లోపలి రేకులు తుప్పుపట్టి పెట్టె చచ్చిపోతుంది. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి పేరుకుంటే, దూదిపుల్లను కాస్త వెనిగర్‌లో ముంచి మెల్లగా తుడిచి, బాగా ఆరనివ్వండి. క్యాట్రిడ్జిలోకి నోటితో ఊదొద్దు, తేమ చేరి పాడవుతుంది. కొత్త సెల్లులు వేసి, కిటికీ పక్కన వెలుతురులో కూర్చోండి. ఆట ఆపేముందు స్కోరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ పెట్టె దాన్ని గుర్తుంచుకోదు.